మండల విలేకరికి జీతం లేకపోతే అవినీతి వార్త ఎవరు రాయాలి?

గట్టుమీది రావి
ఆదివారం, ఉదయం 7:15

మొన్న ఇదే వేదికలో ఒకరు అడిగారు: "జిల్లా పేజీల నిండా శంకుస్థాపనలూ సన్మానాలే. పంచాయతీలో మింగేసిన సొమ్ము గురించి ఒక్క వాక్యం ఉండదు. విలేకరులంతా అమ్ముడుపోయారా?" పదకొండేళ్లు ఒక దినపత్రికకు మండల విలేకరిగా పనిచేసి మూడేళ్ల కిందట మానేసినవాణ్ని. ఆ ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ముందు ఆదాయం సంగతి. నాకు జీతం లేదు. లైన్ అకౌంట్ ఉండేది. అచ్చయిన వార్తను కొలిచి లెక్కకట్టి నెలకోసారి పంపేవారు. ఎంత రాసినా అది బండి పెట్రోలుకూ ఫోను బిల్లుకూ చాలేది కాదు. చేరేటప్పుడే "నాకు వేరే ప్రధాన వృత్తి ఉంది" అని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పాత్రికేయుల జీతభత్యాలకు సంబంధించిన 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం నా గుమ్మం దాకా రాకుండా ఆ ఒక్క సంతకం ఆపేసింది. మజీఠియా వేతన సంఘం సిఫార్సులను 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు బ్యూరోలో స్టాఫ్ రిపోర్టర్లు సంతోషించారు. మా మండల విలేకరులకు అందులో పైసా లేదు.

మరి ఇల్లు ఎలా గడిచింది? ప్రకటనలతో. ఉగాదికి, ఆగస్టు 15కు, పత్రిక వార్షికోత్సవానికి ఇంత తేవాలని టార్గెట్ ఉండేది. తెచ్చినదాంట్లో కొంత కమీషన్. మండలంలో ప్రకటన ఇవ్వగల స్తోమత ఎవరికి ఉంటుంది? సర్పంచికి, రేషన్ డీలర్ల సంఘానికి, ఇసుక రీచ్ నడిపే ఆయనకు, సిమెంటు రోడ్ల కాంట్రాక్టరుకు. ఏ నలుగురి మీద కన్నేసి ఉంచాలో ఆ నలుగురి వాకిట్లోనే పండక్కి పది రోజుల ముందు రసీదు పుస్తకం పట్టుకుని నిలబడేవాణ్ని.

ఆరేళ్ల కిందట ఒక కాలనీలో వేసిన సిమెంటు రోడ్డు మొదటి వానకే పెచ్చులూడింది. మూడు రోజులు తిరిగాను. టెండరు పిలవకుండా ఉండేందుకు ఒకే పనిని నాలుగు ముక్కలు చేసి, నామినేషన్ పద్ధతిలో ఒకరికే కట్టబెట్టిన కాగితాలు సంపాదించాను. కాంట్రాక్టరు పేరు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వివరణ, ఫొటోలు అన్నీ పంపాను. తెల్లారి పేజీ తెరిస్తే ఐదు లైన్లు: "సీసీ రోడ్డు నాణ్యతపై కాలనీవాసుల అసంతృప్తి." పేరు లేదు, ఎంత సొమ్మో లేదు. ఆ కాంట్రాక్టరు అంతకు నెల ముందే ఉగాది సంచికకు అర పేజీ ప్రకటన ఇచ్చాడు. ఆ ప్రకటన తెచ్చింది నేనే. వచ్చిన కమీషన్‌తో మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాను.

అందుకే చెబుతున్నాను. పెద్ద కుంభకోణాల వార్తలను రాజధానిలో ఎవరు తొక్కిపెడతారో నాకు తెలియదు. చిన్న అవినీతి వార్త మాత్రం మండల కేంద్రంలోనే, రాసేవాడి కడుపులోనే చచ్చిపోతుంది. మిగతావాళ్లు కూడా తమ అనుభవాలు చెప్పండి.


సర్కారు తుమ్మ
ఆదివారం, ఉదయం 9:02

రావి గారూ, మీరు నిజాయితీగా రాశారు, ఒప్పుకుంటాను. అయితే రెండో వైపు కూడా రాయాలి. మా మండలంలో మెడలో గుర్తింపు కార్డులు వేసుకుని తిరిగేవాళ్లు ఎంతమందో లెక్క తేలదు. ఎరువుల దుకాణం మా బాబాయిది. స్టాకు బోర్డు మీద నిన్నటి తేదీ ఉందని ఫొటో తీసుకుని, వార్త రాకుండా ఉండాలంటే ఇంత ఇవ్వాలని అడిగారు. ఇచ్చాడు. తరువాతి వారం ఇంకొకరు వచ్చారు. మొదటాయనే ఫోను నంబరు ఇచ్చాడట!

తహసీల్దారు కార్యాలయంలో పాసుపుస్తకానికి లంచం తీసుకునేవాడు, ఆ లంచం సంగతి రాయనందుకు వాటా తీసుకునేవాడు, ఇద్దరి భారమూ చివరికి ఎకరం పొలం ఉన్న రైతు మీదే పడుతోంది. జీతం లేదు కాబట్టి ఇలా చేస్తున్నారంటే, జీతం లేని వ్యవసాయ కూలీ ఎవరినీ బెదిరించడం లేదే!


గట్టుమీది రావి
ఆదివారం, ఉదయం 9:40

తుమ్మ గారూ, మీ బాబాయి గారికి జరిగింది బెదిరించి గుంజుకోవడం. దాన్ని నేను సమర్థించను. అలాంటివాళ్లను నేను దగ్గర నుంచి చూశాను, పేరు పెట్టి పిలిచి తిట్టాను కూడా. నేను చెబుతున్నది వేరు. జీతం ఇవ్వకుండా కార్డు మాత్రమే ఇచ్చి పంపే పద్ధతి ఉన్నంత కాలం, ఆ కార్డునే జీతంగా మార్చుకునేవాళ్లు ఈ పనిలోకి వస్తూనే ఉంటారు. రాయాలనే తపన ఉన్నవాడు అప్పులపాలై వెళ్లిపోతాడు. నాతోపాటు చేరిన ఆరుగురిలో ఇప్పుడు ఒక్కడే మిగిలాడు.


డెస్కు దీపం
ఆదివారం, రాత్రి 11:20

జిల్లా డెస్కులో ఇరవై రెండేళ్లు ఉప సంపాదకుడిగా చేశాను. వార్తలను కుదించిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి. కాబట్టి నా వైపు నుంచి కొంత.

1980ల చివర ఈనాడు జిల్లా పేజీలు మొదలుపెట్టాక మిగతా పత్రికలన్నీ అదే బాట పట్టాయి. అంతకు ముందు పల్లెలో ఏం జరిగినా హత్యో, వరదో అయితే తప్ప పత్రికకు ఎక్కేది కాదు. జిల్లా పేజీ వచ్చాక మన ఊరి బోరుబావి, మన ఊరి బడి కూడా వార్తలయ్యాయి. దీని బలం ఎంతటిదో 1992లో చూశాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి పత్రికల్లో చదివి పక్క ఊళ్ల వాళ్లు కదిలారు, తరువాత పక్క జిల్లాలు కదిలాయి. సారా వేలం పాటల్లో కాంట్రాక్టర్లకూ, ఆబ్కారీ సిబ్బందికీ, నాయకులకూ ఉన్న పొత్తు గురించి మారుమూల ఊళ్ల నుంచి రాసి పంపింది మండల విలేకరులే. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ రోజుల్లో డెస్కులో కూర్చున్న ఎవరూ ఆ నెలల్ని మరిచిపోలేరు.

అదే జిల్లా పేజీ తరువాత గోడ అయింది. దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు గాని, నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. జిల్లా పేజీ కాస్తా జోన్ పేజీగా చీలింది. ఒక మండలంలో ఉపాధి హామీ మస్టర్లలో, అంటే కూలీల హాజరు పట్టీల్లో, చనిపోయినవారి పేర్లు రాసి సొమ్ము కాజేశారనుకోండి. ఆ వార్త ఆ జోన్‌లోనే అచ్చవుతుంది. నలభై కిలోమీటర్ల అవతల అదే పద్ధతిలో అదే మోసం జరుగుతున్నా, అక్కడి పాఠకుడికి మొదటిది కనపడదు. ఇరవై మండలాల్లో ఒకే అచ్చులో పోసినట్టు జరిగినదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే అది పెద్ద వార్త. విడివిడిగా చూస్తే ఇరవై చిన్న వార్తలు, ఇరవై "విచారణ జరిపిస్తాం" వివరణలు. ఆ ఇరవై వార్తలూ డెస్కులో ఒకే గదిలో మా కళ్ల ముందు నుంచి వెళ్లేవి. కలిపి చూడమని మాకు ఎవరూ చెప్పలేదు. నాకై నేను రెండుసార్లు ప్రయత్నించాను, పేజీ ఆలస్యమైందని మందలింపు వచ్చింది.

ఇక పేరు తీసేయడం గురించి. ప్రకటన ఇచ్చినవాడని తీసేసిన సందర్భాలు ఉన్నాయి. కాదనను. కానీ ఎక్కువసార్లు కారణం ఇంకొకటి. రాత్రి తొమ్మిదింటికి వార్త వస్తుంది, పదిన్నరకు పేజీ వెళ్లాలి. "లక్షల్లో అక్రమాలు జరిగినట్లు ఆరోపణలున్నాయి" అని రాసి ఉంటుంది. ఎవరు ఆరోపించారు, ఏ కాగితం ఉంది అని ఫోను చేస్తే "ఊరంతా అనుకుంటున్నారండీ" అనే జవాబు. అప్పుడు పేరు తీసేయక ఏం చేయాలి? రావి గారు కాగితాలు పంపారు. అలా పంపేవారు నాకు నెలకు ఒకరో ఇద్దరో తగిలేవారు.


ఆఫీసు గడియారం
సోమవారం, ఉదయం 6:05

నేను పంచాయతీ కార్యదర్శిని. ఇక్కడ నాలాంటివాడు మాట్లాడితే దొంగ తరఫున దొంగ వకాల్తా అనుకోవచ్చు. అయినా చెబుతాను.

నాలుగేళ్ల కిందట ఒక పత్రికలో "పింఛన్లలో చేతివాటం" అనే శీర్షికతో నా పేరు, హోదా, ఊరు అన్నీ వచ్చాయి. రాసిన ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. చివరన మాత్రం "వివరణ కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు" అని ఉంది. ఆ రోజంతా నా ఫోను నా చేతిలోనే ఉంది. మధ్యాహ్నానికి సస్పెన్షన్. విచారణకు ఏడు నెలలు పట్టింది. తేలింది ఏమిటంటే, చనిపోయిన ఇద్దరు వృద్ధుల పింఛన్లు ఆపమని నేను రాసిన ఉత్తరం పైఆఫీసులో రెండు నెలలు ఆగిపోయింది, ఆ సొమ్ము ఎవరూ తీసుకోకుండానే వెనక్కి వెళ్లింది. నా మీద అభియోగాలు కొట్టేశారు.

ఆ ఉత్తర్వు ప్రతి తీసుకుని పత్రిక కార్యాలయానికి వెళ్లాను. తీసుకున్నారు, చూస్తామన్నారు. ఒక్క లైను కూడా వేయలేదు. మా నాన్న గ్రంథాలయంలో రోజూ చదివే పత్రిక అదే. వార్త వచ్చిన మరునాటి నుంచి ఆయన గ్రంథాలయానికి వెళ్లడం మానేశారు. నిర్దోషినని తేలాక కూడా మళ్లీ వెళ్లలేదు. నాకు ఉద్యోగం తిరిగి వచ్చింది, ఆయనకు ఆ ఉదయాలు తిరిగి రాలేదు.

నా పై అధికారులు ఎవరెవరు ఎంత తీసుకుంటారో నాకు తెలుసు. ఎం.బుక్‌లో, అంటే పని కొలతల పుస్తకంలో, కొలతలు రాయడానికి ఇంత, బిల్లు పెట్టడానికి ఇంత, చెక్కు దగ్గర ఇంత. వాళ్ల పేర్లు ఏ పేజీలోనూ రావు. అచ్చయ్యేది ఫీల్డ్ అసిస్టెంటు, కార్యదర్శి, వీఆర్వో. ఎవరి మీద రాస్తే తిరిగి ఏమీ చేయలేరో వాళ్ల మీదే ధైర్యం చూపిస్తారు.


డెస్కు దీపం
సోమవారం, ఉదయం 8:30

గడియారం గారూ, మీ నాన్నగారి సంగతి చదివి చాలాసేపు కదలలేకపోయాను. రిజాయిండర్, అంటే అవతలివారి ఖండన, వేయడం పత్రికకు నామోషీ అనే భావన మా తరం డెస్కుల్లో గట్టిగా ఉండేది. నేనూ అలాంటి ఉత్తరాలను సొరుగులో పెట్టినవాణ్నే. ఆరోపణను మొదటి పేజీలో వేసినప్పుడు, అది తప్పని తేలిన సంగతిని అదే పేజీలో, అదే కొలతలో వేయాలి. ఇప్పుడు చెప్పడం సులువు, అప్పుడు చేయలేదు. మన్నించండి.


శబరి ఒడ్డు
సోమవారం, మధ్యాహ్నం 1:45

జీతం, ప్రకటనలు అంటున్నారు. ప్రాణం సంగతి కూడా చెప్పుకోవాలి.

మా వైపు నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ ఎంతో దూరం కాదు. అక్కడ ముకేశ్ చంద్రాకర్ అనే యువ పాత్రికేయుడు "బస్తర్ జంక్షన్" అనే యూట్యూబ్ ఛానల్ నడిపేవాడు. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల చెరలో ఉన్న సీఆర్‌పీఎఫ్ జవానును విడిపించి తేవడానికి అడవిలోకి వెళ్లినవారిలో అతనూ ఉన్నాడు. 2024 డిసెంబరులో గంగలూరు రోడ్డు పనుల్లో అవకతవకలు వార్తగా వచ్చాయి. 2025 జనవరి 1న అతను కనిపించకుండా పోయాడు. 3వ తేదీన ఒక కాంట్రాక్టరు స్థలంలో, అప్పుడే కొత్తగా కాంక్రీటు పోసిన సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. ప్రధాన నిందితుడైన ఆ కాంట్రాక్టరును పోలీసులు పట్టుకున్నది మన హైదరాబాదులోనే. అతను ముకేశ్‌కు బంధువు కూడా. చిన్న ఊళ్లలో ఇదే కష్టం. మనం ఎవరి గురించి రాస్తామో వాళ్లు మన పెళ్లిళ్లకు వస్తారు, మన ఇల్లు ఎక్కడో వాళ్లకు తెలుసు.

మన రాష్ట్రాల్లో మాత్రం? 2014 నవంబరులో చిలకలూరిపేటలో ఆంధ్రప్రభ విలేకరి ఎం.వి.ఎన్. శంకర్‌ను కొట్టి చంపారు. రేషన్ కిరోసిన్ దారి మళ్లడం గురించి రాసేవారాయన. 2019 అక్టోబరులో తొండంగి మండలంలో ఆంధ్రజ్యోతి విలేకరి సత్యనారాయణను ఇంటికి వెళ్లే దారిలో నరికి చంపారు. ఇద్దరూ రాజధానిలో ఎవరికీ తెలియనివారు. టీవీ చర్చల్లో కూర్చునేవాళ్లు కారు. మండల స్థాయి మనుషులు.

రోడ్డు పెచ్చులూడిందన్న ఐదు లైన్ల వార్త వెనక ఇదంతా ఉందని పాఠకులకు తెలియాలి.


సముద్రం అవతల
సోమవారం, రాత్రి 10:10

అట్లాంటాలో ఉంటాను, ఊరు పల్నాడులో. మా ఊరి వాళ్లం ముప్పై మందిమి ఇక్కడ ఉన్నాం. నెలనెలా కొంత వేసుకుని ఊళ్లో ఒక కుర్రవాడికి కెమెరా కొనిచ్చి, జీతం ఇచ్చి, మండల వార్తల ఛానల్ పెట్టిద్దామని అనుకుంటున్నాం. ప్రకటనలు అవసరమే ఉండవు. ఇది పరిష్కారం కాదా?


గట్టుమీది రావి
మంగళవారం, ఉదయం 6:50

అన్నా, మీ మనసు మంచిది. జీతం ఇస్తానన్న మాట వినడానికే హాయిగా ఉంది. రెండు సంగతులు మాత్రం ముందే ఆలోచించండి. ఆ ముప్పై మందిలో ఒకరి తమ్ముడు రేపు సర్పంచి అయితే, ఆ సర్పంచి మీద ఆ కుర్రవాడు రాయగలడా? రాస్తే ఆ నెల మీ నిధి ఆగదని ముందే కాగితం మీద రాసుకోండి. రెండోది, కెమెరా కంటే ముందు అతనికి ఒక వకీలును, ఒక అనుభవజ్ఞుడైన సంపాదకుణ్ని చూపించండి. ఒంటరిగా వదిలేస్తే మొదటి నోటీసుకే బెదిరిపోతాడు, లేదంటే తుమ్మ గారు చెప్పిన దారిలో పోతాడు.

చిత్తూరు జిల్లాలో 2001లో పొదుపు సంఘాల మహిళలు "నవోదయం" అనే పత్రిక మొదలుపెట్టారు. రాసేది వాళ్లే, ఊరూరా తిరిగి అమ్మేది కూడా వాళ్లే. పేద ఆడవాళ్లు సొంతంగా వార్త సేకరించగలరని అది చూపించింది. అలాంటి ప్రయత్నాలను ఒకసారి చూసి రండి.


మూడో వార్డు
మంగళవారం, మధ్యాహ్నం 3:30

నమస్కారం అండి. నేను ఎక్కువ చదువుకోలేదు, తప్పులుంటే సర్దుకోండి. మా అబ్బాయి టైపు చేస్తున్నాడు. నేను మూడో వార్డు మెంబరును. మా వీధిలో ఉపాధి హామీ నిధులతో సిమెంటు రోడ్డు వేశారు. వేసిన రోజే మేస్త్రీ మా ముందు అన్నాడు, "అమ్మా, ఇది రెండేళ్లు కూడా ఆగదు" అని. బిల్లు అయిపోయిందంటున్నారు. సర్పంచి గారిని అడిగితే ఇంజనీర్లు చూసుకుంటారని చెప్పారు. విలేకరిని పిలిస్తే వచ్చాడు, ఫొటో తీసుకున్నాడు, నాకు ఫోను చేస్తానన్నాడు. మూడు వారాలైంది.

గడియారం గారు ఎం.బుక్ అని రాశారు. అది మాలాంటివాళ్లు చూడవచ్చా?


నల్లకోటు
మంగళవారం, రాత్రి 9:15

చూడవచ్చు అమ్మా. అది మీ హక్కు.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. అందులో 2(జె) సెక్షన్ చాలామంది చదవరు. కాగితాల నకళ్లు అడగడమే కాదు, పనులను, రికార్డులను స్వయంగా తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఆ సెక్షన్‌లో ఉన్నాయి. దరఖాస్తు ఇలా రాయండి: "మూడో వార్డు సీసీ రోడ్డుకు సంబంధించిన అంచనా ప్రతి, కొలతల పుస్తకం, బిల్లు, నాణ్యత తనిఖీ నివేదిక నేను స్వయంగా పరిశీలించాలి, అవసరమైన పేజీల ధ్రువీకరించిన నకళ్లు కావాలి." ఎందుకు కావాలని అడిగితే చెప్పనక్కర్లేదు. గ్రామ స్థాయి కార్యాలయంలో అయితే రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. తెల్లరేషన్ కార్డు ఉంటే అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ముప్పై రోజుల లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. దరఖాస్తు ఇచ్చినప్పుడు మీ ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరవకండి.

రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళుతుంది. అక్కడ పరిస్థితి ఏమిటంటే, తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనరు కూడా లేరు. రెండేళ్లకు పైగా అప్పీళ్లు గుట్టలుగా పేరుకున్నాయి. అది ఎవరి ఘనత అని పార్టీల వారీగా వెతకనవసరం లేదు, ఆ కాలంలో రెండు పార్టీలూ అధికారంలో ఉన్నాయి. ఇప్పుడు ఇంకో చిక్కు. వ్యక్తిగత సమాచార రక్షణ కోసం 2023లో చేసిన చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది. వ్యక్తిగత సమాచారం అనే ఒక్క మాటతో నిరాకరించే వీలు ఇచ్చింది. లబ్ధిదారుల జాబితా అడిగినా ఇదే సాకు చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు 8(2)ను ఉటంకించండి. ప్రజాప్రయోజనం పైచేయి అయితే ఇవ్వవచ్చని అందులో ఇంకా ఉంది.

రావి గారికి, దీపం గారికి ఒక మాట. పరువునష్టం అంటే డెస్కులు అవసరానికి మించి భయపడతాయి. తమిళనాడులో హత్య కేసుల్లో శిక్ష పడిన ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ వివాదంలో 1994లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ప్రభుత్వోద్యోగి తన విధుల్లో చేసిన పని గురించి రాస్తే, అది అబద్ధమని తెలిసో, నిజానిజాలను బొత్తిగా పట్టించుకోకుండానో రాశారని రుజువు చేస్తే తప్ప నష్టపరిహారం అడగలేడు. పబ్లిక్ రికార్డుల ఆధారంగా రాసినదానికి రక్షణ ఉంది. అయితే క్రిమినల్ కేసు వేరు. పరువునష్టాన్ని నేరంగా చూసే చట్టాన్ని 2016లో సుప్రీంకోర్టు నిలబెట్టింది, ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. అక్కడ నిజం ఒక్కటే చాలదు, ప్రజాహితం కోసం రాశామని కూడా చూపాలి. అందుకే కాగితం చేతిలో ఉండాలి, అవతలివారిని అడిగినట్టు తేదీ, సమయంతో నోటుపుస్తకంలో రాసి ఉండాలి. గడియారం గారిని ఒక్క ఫోను చేసి అడిగి ఉంటే ఆ వార్తే పుట్టేది కాదు.


సర్కారు తుమ్మ
బుధవారం, ఉదయం 8:00

మండలం సంగతి సరే. పైన యజమానులు సరిగ్గా ఉంటే ఇదంతా సర్దుకుంటుంది కదా! మా ఊళ్లో పత్రిక పేరు చెబితే చాలు, చదివేవాడు ఏ పార్టీయో చెప్పేస్తారు. ఒక పత్రికలో అవినీతి అని వచ్చినది ఇంకో పత్రికలో అభివృద్ధి అని వస్తుంది. ప్రభుత్వం మారిన రోజున శీర్షికలు కూడా చోట్లు మార్చుకుంటాయి.


డెస్కు దీపం
బుధవారం, ఉదయం 10:25

నిజమే. దీని వల్ల జరిగే హాని గురించి ఒక్కటి చెబుతాను. ప్రత్యర్థి పార్టీ మీద వచ్చే అవినీతి వార్త పూర్తిగా నిజమైనా కూడా, సగం మంది పాఠకులు దాన్ని నమ్మడం మానేశారు. నిజం రాసిన విలేకరి శ్రమ కూడా పార్టీ ఖాతాలో పడిపోతుంది.

ప్రభుత్వాలు ఏవీ తక్కువ తినలేదు. పత్రికల మీద కేసుల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2007లో జీవో 938, 2019 అక్టోబరు 30న జీవో 2430 వచ్చాయి. తప్పుడు వార్తల మీద శాఖల కార్యదర్శులే కేసులు పెట్టించవచ్చని ఈ రెండోది చెప్పింది. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ప్రసారాలు కేబుల్‌లో ఆగిపోయాయి. 2024 జూన్‌లో ఆంధ్రలో ప్రభుత్వం మారగానే టీవీ9, సాక్షి, ఎన్టీవీ చాలా చోట్ల కేబుల్‌లో కనిపించకుండా పోయాయి. జెండాలు మారాయి, మీట నొక్కే తీరు మారలేదు.

మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. ఇళ్ల స్థలాల కోసం మా సంఘాలు ఎన్ని ప్రభుత్వాల గుమ్మాల ముందు నిలబడ్డాయో లెక్కలేదు. హైదరాబాదులో ఎమ్మెల్యేలకు, అధికారులకు, న్యాయమూర్తులకు, పాత్రికేయులకు సొసైటీల పేరిట ఇచ్చిన స్థలాల కేటాయింపులను 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏళ్ల కిందట డబ్బు కట్టి ఎదురుచూసిన పేద పాత్రికేయులు ఉన్నారు, వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఎవరిని నిలదీయాలో వాళ్ల పక్కనే ఒకే జాబితాలో మన పేరు ఉండటం సరికాదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. 2009 ఎన్నికల్లో డబ్బులు తీసుకుని వార్తలు వేసిన వైనం మీద 2010లో ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 71 పేజీల నివేదిక ఇచ్చింది. ఇద్దరు సభ్యుల్లో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి గారు. పత్రికల పేర్లున్న ఆ నివేదికను కౌన్సిల్ పూర్తిగా బయటపెట్టలేదు. కేంద్ర సమాచార కమిషన్ చెబితే 2011లో బయటికి వచ్చింది. ఇతరుల కాగితాలు బయటపెట్టమని అడిగేవాళ్లం మా కాగితం దాచుకున్నాం.


ఆఫీసు గడియారం
బుధవారం, రాత్రి 8:40

మూడో వార్డు మెంబరు గారికి. మీరు మండల కార్యాలయంలో పంచాయతీరాజ్ ఏఈ దగ్గర దరఖాస్తు ఇవ్వండి. ఎం.బుక్‌లో పొడవు, వెడల్పు, మందం మూడూ విడివిడిగా రాసి ఉంటాయి. మందం కొలవడం మీకు కష్టం, దానికి రోడ్డును గుండ్రంగా కోసి ముక్క తీయాలి. పొడవు మాత్రం టేపుతో ఎవరైనా కొలవవచ్చు. మొదట అది చూడండి. ఎక్కువ తేడాలు అక్కడే ఉంటాయి.

ఇంకొకటి. ఉపాధి హామీ పని కాబట్టి సామాజిక తనిఖీ ఉంటుంది. మన దగ్గర 2006 నుంచి ఇది నడుస్తోంది. తనిఖీ బృందం ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి, తరువాత మండలంలో ప్రజావేదిక పెడుతుంది. అక్కడ అధికారులందరి ముందు మీరు లేచి చదివితే అది రికార్డులోకి ఎక్కుతుంది. విలేకరి రాసినా రాయకపోయినా దాన్ని చెరిపేయడం ఎవరికీ సులువు కాదు.

నా పేరు మాత్రం అడగకండి.


మూడో వార్డు
ముప్పై ఆరు రోజుల తరువాత, గురువారం, రాత్రి 7:30

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ రాయలేదు, చేతిలో ఏదైనా ఉన్నాక రాద్దామని ఆగాను.

దరఖాస్తు ఇస్తే మొదటి రోజు తీసుకోలేదు. ఏఈ గారు సెలవన్నారు. రెండో రోజు మా వార్డు ఆడవాళ్లం ఐదుగురం వెళ్లాం, ముద్ర వేసి ఇచ్చారు. ఇరవై ఆరో రోజున రమ్మని కబురు వచ్చింది. పుస్తకం నా ముందు పెట్టి, పక్కన ఒకాయన కూర్చున్నాడు. అక్షరాలు తెలుసు గాని అంకెలు ఇంగ్లీషులో గొలుసులా ఉన్నాయి. మా అబ్బాయి చదివి చెప్పాడు. పొడవు 180 మీటర్లు అని ఉంది.

అంతకు ముందు రోజే మేము కొలిచాం. టైలరు దగ్గర టేపు చాలదని తాపీమేస్త్రీ దగ్గర పెద్దది తెచ్చాం. రామాలయం దగ్గర నుంచి చివరి విద్యుత్ స్తంభం దాకా 142 మీటర్లు. రెండుసార్లు కొలిచాం, ఎండలో, అందరూ చూస్తుండగా.

ఆ పేజీ నకలు తీసుకుని, దానికి మా కొలతల కాగితం కలిపి, పదకొండు మంది సంతకాలు పెట్టి మండలంలో ఉన్న విలేకరులందరికీ ఇచ్చాను. ఐదుగురికి ఇస్తే ఒకాయన వేశాడు. ఏడు లైన్లు. 180, 142 రెండు అంకెలూ వేశాడు. ఏఈ గారి వివరణ వేశాడు. కాంట్రాక్టరు పేరు కూడా వేశాడు. సాయంత్రం ఆ విలేకరి ఇంటికి మనుషులు వచ్చి వెళ్లారట. మా ఇంటికి కూడా సర్పంచి గారి బావమరిది వచ్చాడు, మంచిగానే మాట్లాడాడు, మిగతా ముక్క కూడా వేయిస్తామన్నాడు. వేయించండి, కానీ బిల్లు ఎప్పుడు తీసుకున్నారో ఆ తేదీ మారదు కదా అన్నాను.


గట్టుమీది రావి
గురువారం, రాత్రి 7:52

అమ్మా, ఆ ఏడు లైన్లు వేసిన ఆయనకు నా తరఫున ఒక మాట చెప్పండి. పేరు వేశాడు చూడండి, నేను పదకొండేళ్లలో వేయించలేకపోయింది అదే. ఆయన ఒంటరిగా తిరగకుండా చూసుకోమనండి. వచ్చిన మనుషులు ఎవరో, ఏ సమయానికి వచ్చారో రాసి పెట్టుకోమనండి. మీరూ రాసుకోండి.


నల్లకోటు
గురువారం, రాత్రి 8:10

నకలు మీద ధ్రువీకరణ ముద్ర, సంతకం ఉన్నాయా? అసలును ఎవరికీ ఇవ్వకండి. నాలుగు ప్రతులు తీయించి ఒకటి మీ బంధువుల ఊళ్లో ఉంచండి. మిగతా ముక్క వేయడం మొదలుపెడితే ఆ రోజు పత్రికను చేత్తో పట్టుకుని, తేదీ కనిపించేలా ఫొటో తీయించండి.


మూడో వార్డు
గురువారం, రాత్రి 8:35

ముద్ర ఉందండి. ప్రతులు రేపు తీయిస్తాను. మిగతా ముక్కకు కంకర ఇంకా రాలేదు. ఎల్లుండి శనివారం మండలంలో ప్రజావేదిక. నలుగురిలో మాట్లాడటం నాకు అలవాటు లేదు. కాగితం చదివేటప్పుడు గొంతు వణికితే పక్కన నిలబడతానని మా తోడికోడలు చెప్పింది. మేస్త్రీ గారిని అడిగి టేపు కూడా తీసుకెళుతున్నాం.